అరవై కాళ్ల క్యాసెట్

పక్షవాతం వచ్చిన ఐదు నెలల్లో కమాల్ బాషా ఎడమ చేత్తో చాలా పనులు నేర్చుకున్నాడు. టీ గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఫోనెత్తి "ఇంగ రిపేర్లు చేసేది ల్యా" అని చెప్పి పెట్టేయడం. కాలు రెండు నెలలకే దారికొచ్చింది. కాస్త ఈడుస్తాడు గానీ ఇంటి నుంచి మసీదు దాకా ఒక్కడే పోయి వస్తాడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో నిద్రపోయిన పిల్లిలాగా, వేళ్లు లోపలికి ముడుచుకుని అట్లే ఉండిపోయింది.

ఆ చేతి మీదే ముప్పై ఏళ్లు ఇల్లు నడిచింది. ప్రొద్దుటూరులో మిక్సీ, ఫ్యాను, టీవీ, ఏది మూలపడినా జనం పాత బస్టాండు వెనక సందులోని అతని అంగడికే తెచ్చేవారు. ఇప్పుడు షట్టరు దించి ఉంది. సెల్‌ఫోన్ కవర్లు అమ్మే మహబూబ్ బాషా ఆ అంగడి తనకిమ్మని రెండుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి కమాల్ తలూపేశాడు.

"దసరా పోనీప్పా. తాళాలు నీకే."

లోపల కుట్టుమిషన్ తొక్కుతున్న భార్య షాహీదాబీ కాలు ఆగిపోయింది. జాకెట్టు చంక దగ్గర కుట్టు సగంలో నిలిచింది. దసరాకు ఇంకా నెలా పది రోజులుంది. తాళాలు చేతులు మారిన రోజు ఈ మనిషి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంటాడు, మళ్లీ ఇటు తిరగడు. ఎవరూ చెప్పకుండానే ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం మరి.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే ప్రియదర్శిని నీలం రంగు రబ్బరు బంతి ఒకటి ఇచ్చింది. పూటకు వందసార్లు పిసకాలి. కమాల్ దాన్ని మంచం కిందికి దొర్లించేవాడు. షాహీదాబీ చీపురుకట్టతో బయటికి లాగేది. రోజూ ఇదే తంతు.

"పెద్దాయన బంతి పిసకతాండాడా?" అని ఆ వారం అడిగింది ప్రియదర్శిని.

"బంతితో ఆడుకునేకి నేనేమన్నా పసిపిల్లోన్నా?" అన్నాడు కమాల్.

ఆ అమ్మాయి నవ్వి షాహీదాబీని వరండాలోకి పిలిచింది. "చేతికి పని కావల్లమ్మా. ఆ పని మీద మనసు గూడా ఉండల్ల. ఈయనకు చేతులతో చేసేది ఏది ఇష్టమో అది ఇచ్చి చూడండి. నెలలు గడిచేకొద్దీ వేళ్లు ఇంగా బిగుసుకుపోతాయి. ఇప్పుడే కదిలించుకోవల్ల."

ఇంటికి వచ్చే ఆటోలో షాహీదాబీ ఆలోచించింది. ఈ మనిషికి ఇష్టమైనది ఏది? బిర్యానీ. కాదు, చేతులతో చేసేది. అప్పుడు గుర్తుకొచ్చాయి, బొటనవేళ్ల కింద టకటకమని మోగే ఎర్ర గుండీలు.

కమాల్ మొదట్లో రిపేరు అంగడి పెట్టలేదు. పెళ్లయ్యేనాటికి అతనిది వీడియోగేమ్ అంగడి. ఆరు టీవీలు, ఆరు గేమ్ పెట్టెలు, ముందు ఆరు చెక్క బల్లలు. అరగంటకింత అని తీసుకునేవాడు. బడి వదిలితే అంగడి ముందు సైకిళ్లు పట్టేవి కావు. పెట్టె నెత్తిన క్యాసెట్ గుచ్చితే టీవీలో బొమ్మ పరుగెత్తేది, దూకేది, కార్లు గుద్దుకునేవి. పిల్లల్ని చెడగొడుతున్నాడని సందులో పెద్దవాళ్లు తిట్టిన తిట్లలో సగం షాహీదాబీ చెవిన పడేవి. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక జనం తగ్గారు. ఆ అంగడి మూసేయమని పోరి పోరి మూయించింది ఆమే. అన్నింటికన్నా మంచి పెట్టెను పులివెందులలోని చెల్లెలు జువేరియా పిల్లలకు ఇచ్చింది ఆమే. క్యాసెట్లన్నీ ట్రంకుపెట్టెలో సర్ది, జమ్మలమడుగులో తానూ అంగడి పెడతానన్న కృష్ణయ్యకు అప్పజెప్పింది కూడా ఆమే. కృష్ణయ్య గొర్రెల కాపరుల ఇంటివాడు. కమాల్ దగ్గర ఆరేళ్లు పనిచేశాడు.

ఆ రోజు కమాల్ అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఉదయం షాహీదాబీ ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని పులివెందుల బస్సెక్కింది. ఆడవాళ్లకు టికెట్ లేదని తెలిసినప్పటి నుంచి ఆ బస్సులో నిలబడే చోటు కూడా దొరకడం లేదు. ముద్దనూరు దాకా ఒంటికాలి మీదే పోయింది.

"బావకు గేమాడిపిస్తావా? నీకేమన్నా మతి పోయిందా అక్కా?" అంది జువేరియా. అంటూనే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

అటక అంటే గోడలోకి దిగేసిన నాలుగు నాపబండలు. వాటి మీద కువైట్ అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి. జువేరియా మొగుడు అక్కడ డ్రైవరుగా చేసి వచ్చినన్ని సార్లు వచ్చిన పెట్టెలన్నీ ఉన్నాయి. ఒక్కో పెట్టెకు నాలుగు పక్కలా అతని పేరు, ఊరి పేరు నల్ల స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. వాటిలో ఏముందో ఎవరికీ గుర్తులేదు. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని పెట్టెల్నీ పారేయలేదు, లోపలివాటినీ పారేయలేదు.

మొదటి దాంట్లో దుప్పట్లు. రెండో దాంట్లో పగిలిన ఫ్లాస్కు, దాని కింద పగలని ఫ్లాస్కు. మూడో పెట్టె తాళ్లు విప్పేసరికి కలరా ఉండల వాసన ముక్కులో కొట్టింది. పైన చలికోట్లు. అడుగున ప్లాస్టిక్ టేబుల్‌గుడ్డలో చుట్టి, ఎర్ర అంచుల తెల్ల గేమ్ పెట్టె.

"పురుగులు పట్టకుండా ఉండల్ల అని నేనే ఏసినా ఆ ఉండలు," అంది జువేరియా గర్వంగా.

పెట్టె పైభాగానికి ఆ ఉండలు కరిగి అతుక్కుపోయాయి. షాహీదాబీ చాకుమొనతో గీకింది. ప్లాస్టిక్ మీద అమ్మవారు పోసిన మచ్చల్లాగా గుంటలు మిగిలాయి.

"పురుగులు పట్టలేదు, నిజమే. పురుగులకన్నా నువ్వే ఎక్కువ తిన్నావు దీన్ని," అంది చెల్లెలితో.

"తిడితే తిట్టుకో గానీ అన్నం తిని పో."

సాయంత్రం ఇంట్లో ఆ పెట్టెను తెచ్చి కమాల్ ఒళ్లో పెట్టింది. అతను కుడిచేతికి తగలకుండా ఎడమచేత్తో దాన్ని జరిపి చూశాడు.

"దీన్ని యాడ పట్టుకొచ్చినావే?"

"జువేరియా అటక మింద ఉండె. ఆడుకో. ఆ గుండీలు నొక్కు కుడిచేత్తో. బంతి వద్దంటివి గదా."

కమాల్ పెట్టెను తిప్పాడు. అడుగున ఒక స్క్రూ తల మీద వేలితో తడిమాడు. ఆ స్క్రూ తానే మార్చినట్టుంది, మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. అంతలోనే ముఖం ముడుచుకుపోయింది.

"క్యాసెట్ ల్యాకుంటే ఇది ఇటుకరాయే," అని గోడవైపు తిరిగాడు.

ఒక్క నిమిషం. ఒక్క నిమిషమైనా చూశాడు కదా అనుకుంది షాహీదాబీ. మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కింది.

కృష్ణయ్య ఊరి చివర ఉంటాడు. జమ్మలమడుగులో గేమ్ అంగడి ఆరు నెలలు కూడా నడవలేదు. ఆ తర్వాత గొర్రెల్లోకే పోయాడు. ఇప్పుడు అరవై గొర్రెలు, నాలుగెకరాల శనగచేను. ఆమెను చూసి ఎదురొచ్చాడు.

"రామ్మా, రా. అన్న ఎట్లుండాడు?"

"గోడను చూస్తా పండుకోనుండాడు. క్యాసెట్ల పెట్టె యాడుందన్నా?"

కృష్ణయ్య ముఖంలో ఏదో మారింది. భార్య వెంకటలక్ష్మమ్మ వైపు చూశాడు. ఆమె కొట్టం వైపు చూసింది.

"ఉండాదిలే," అన్నాడు. "యాడికి పోతాది?"

కొట్టంలో నిలువెత్తు శనగపొట్టు. ట్రంకుపెట్టె దాని అడుగున ఉందట. ముగ్గురూ చేటలతో, చేతులతో పొట్టు తోడారు. షాహీదాబీ జుట్టంతా పొట్టే. దొడ్లోని ఒక పొట్టేలు వచ్చి తోడిన పొట్టును తోడినట్టే తింటూ నిలబడింది. 

"దాన్ని తోలేది ల్యా?"

"తిననీమ్మా, మనకు మోసే పని తగ్గుతాది," అంది వెంకటలక్ష్మమ్మ.

చివరికి ట్రంకుపెట్టె బయటపడింది. మూత తుప్పుపట్టి ఒకపట్టాన రాలేదు. తెరిస్తే లోపల ఇరవై రెండు క్యాసెట్లు ఆమె సర్దినట్టే వరుసగా ఉన్నాయి. రంగు వెలిసిన కాగితాల మీద తుపాకీలు పట్టిన మనుషులు, కార్లు, పుట్టగొడుగులు. షాహీదాబీకి గుండె తేలికైంది. ఒకటి చేతిలోకి తీసుకుని నోటివైపు తిప్పి చూసింది. క్యాసెట్ నోట్లో ఒక పచ్చరేకు, దానికి దువ్వెన పళ్లలాగా మెరిసే సన్నటి గీతలు ఉండాలి. ఆ గీతల్నే కాళ్లు అంటారు. పెట్టెలోకి దిగేవి అవే. అవి లేవు. నోరు బోసిగా ఉంది.

ఇంకోటి తీసింది. బోసి. ఇంకోటి. అదీ అంతే.

"ఏందన్నా ఇది?"

కృష్ణయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "అంటే... మా అల్లుడు హరికృష్ణ తెల్సు గదా. మీ ఊర్లోనే బంగారు పని. మూడేండ్ల కింద వచ్చి ఈ కాళ్లు చూసి, మామా ఇది బంగారమే అన్నె. వాడు గీటురాయి మింద గీసి గూడా చూసినాడమ్మా! గీత పచ్చగా పడింది."

"అందుకని?"

"కత్తిరించినాం. అన్నీ స్క్రూలిప్పి, రేకుల కత్తెరతో. ఆసిడ్లో ఏసి కాంచితిమి."

"మూడు దినాలు ఇల్లంతా కంపు," అంది వెంకటలక్ష్మమ్మ. "గొర్రెలు గూడా దగ్గినాయి వొదినా. ఆఖరికి ఏం వచ్చింది? ముక్కుపుడక అంచుకు గూడా రాలే."

"మళ్లీ స్క్రూలన్నీ బిగిచ్చి పెట్టినా," అన్నాడు కృష్ణయ్య, అదొక్కటైనా లెక్కలోకి వస్తుందన్నట్టు. "అన్న చూస్తే బాధపడతాడని."

షాహీదాబీకి తిట్టాలని ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. పొట్టు పట్టిన కనుబొమ్మలతో తప్పుచేసిన వాడిలా నిలబడ్డ ఆ మనిషిని చూసి మింగేసింది. ట్రంకుపెట్టెలో మిగిలినవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్కదానికి కాళ్లున్నాయి. నల్లబడి, మసిపట్టి ఉన్నాయి.

"అది రాగి అన్నాడు అల్లుడు. ఇడిసిపెట్టినాం."

అన్నింటినీ గోనెసంచిలో వేసుకుని బస్సెక్కింది. చెప్పాలా వద్దా అని దారి పొడుగునా ఆలోచించింది. ఇంటికి వచ్చాక చెప్పలేదు, సంచిని మంచం మీద బోర్లించింది.

కమాల్ ఒకటి తీశాడు. నోరు చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూసి లేచి కూర్చున్నాడు.

"ఫోన్ చెయ్యి వానికి!"

ఫోన్ కలిసింది. ఐదు నెలలుగా ఆ ఇంట్లో వినపడని గొంతు వినిపించింది. "ఏరా కృష్ణయ్యా! అది బంగారం కాదురా, పూత! వెంట్రుకలో నూరో వంతు పూత! ఆ మాత్రం తెలియకనేనా ఆరేండ్లు నా కాడ పన్జేసింది? గొర్రె బొచ్చు కత్తిరించినట్టు కత్తిరిస్తివి గదరా!" అవతల కృష్ణయ్య ఏమన్నాడో గానీ, కమాల్ మరో ఐదు నిమిషాలు తిట్టాడు. వాకిట్లో పక్కింటివాళ్లు తొంగిచూశారు. షాహీదాబీ గుమ్మానికి ఆనుకుని, నోటికి పైట అడ్డం పెట్టుకుని, ఆ తిట్లన్నీ తీపిమాటలు విన్నట్టు విన్నది.

ఫోన్ పెట్టేశాక అతను నల్లకాళ్ల క్యాసెట్‌ను చాలాసేపు చూశాడు.

"ఇది సచ్చింది. దీని చిప్పు గేమ్ అంగడి ఉన్నప్పుడే కాలిపోయింది. కాళ్లు మాత్రం బాగుండాయి." ఇంకో బోసినోటి క్యాసెట్ పక్కన పెట్టాడు. "దీని చిప్పు బాగుంటాది, కాళ్లు లేవు. దాని కాళ్లు దీనికి పెడితే... మొత్తం అరవై. ఈ పక్క ముప్పై, ఆ పక్క ముప్పై. ఒక్కో కాలికి ఒక్కో తీగ అతకల్ల."

"అతకొచ్చా?"

"చెయ్యి ఉన్నోడు అతకొచ్చు."

"నేనతుకుతా. నువ్వు చెప్పు," అంది షాహీదాబీ.

మర్నాడు ఐదు నెలల తర్వాత షట్టరు లేచింది. బల్ల మీద దుమ్ము తుడిచి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసింది. పాత టెలిఫోన్ కేబుల్లోంచి వెంట్రుకంత తీగలు తీసింది. సూదీదారంతో ఆమెకు రాని పనిలేదు. ఇది మాత్రం లొంగలేదు. సీసం బొట్టు ఒక కాలి మీద పెడితే పక్కకాలి మీదికి పాకేది. అతికిన తీగ ఊదితే ఊడేది.

"బొంత కుడతాండావా ఏంది?" అన్నాడు కమాల్. "మొనను ఆనించు. ఆనించమంటే గుచ్చుతాండావు!"

"బోర్డు జరుగుతాంది. నేనేం చేద్దు? పట్టుకో."

అతను ఎడమచేత్తో పట్టుకోబోయాడు. ఆ చేతిలో టార్చిలైటు ఉంది. అప్పుడు ఎడమచేతి మణికట్టుతోనే కుడిచేతిని ఎత్తి, బోర్డు అంచు మీద పడేశాడు, కాగితాల మీద రాయి పెట్టినట్టు. బోర్డు కదలడం ఆగింది. ఆ రోజుకు కుడిచెయ్యి చేసిన పని అంతే. బరువుగా ఉండటం.

ఆ రోజు రెండు తీగలు అతికాయి. సాయంత్రానికి ఒకటి ఊడిపోయింది.

మూడోరోజు అతను ఆమె చేతిలోంచి ఐరన్ లాక్కున్నాడు. ఎడమచేత్తో ప్రయత్నించి విసుక్కున్నాడు. కుడిచేత్తో పట్టుకోబోతే సన్నటి పిడి జారి బల్ల మీద పడింది. వేళ్లు అంత దగ్గరకు మూసుకోవు. మూసుకున్నా నిలవవు. షాహీదాబీ ఆ పిడి కొలత వేలితో కొలుచుకుని ఇంటికి వెళ్లింది. పాత జీన్స్‌ప్యాంటు గుడ్డ మూడు పొరలు, లోపల దూది, మిషన్ మీద నిలువు కుట్లు. జొన్నకంకి లావున తొడుగు తయారైంది. ఐరన్‌కు తొడిగి, అతని పిడికిలి విప్పి, అందులో పెట్టి మూసింది.

నిలబడింది. వణికింది గానీ నిలబడింది.

ఆ తర్వాత రోజులన్నీ ఒకటే తీరు. పొద్దున టిఫిన్ తిని అంగడికి పోవడం. తిట్టుకోవడం. ఒక తీగ, ఒక్కోరోజు మూడు, ఒక్కోరోజు సున్నా. ఎనిమిదో తీగ దగ్గర బొటనవేలి పక్కన కాలింది. కాలినట్టు తెలిసింది, "అబ్బా" అన్నాడు. ఆ వేలికి స్పర్శ సరిగ్గా లేదని ఆసుపత్రిలో రాసిపెట్టారు కాబట్టి, షాహీదాబీ ఆ అరుపుకు సంతోషించాలో బాధపడాలో తెలియక బర్నాల్ పూసింది. 

ప్రియదర్శిని ఆ బొబ్బను చూసి కళ్లు పెద్దవి చేసింది.

"వేడి వస్తువులు ముట్టుకోవద్దని చెప్తిమి గదా?"

"నువ్వే గదమ్మా మనసుండే పని ఇయ్యమంటివి," అంది షాహీదాబీ.

ప్రియదర్శిని అతని వేళ్లను ఒక్కొక్కటే చాపి చూసింది. చూపుడువేలు దగ్గర ఆగింది. మళ్లీ చాపింది. "తొడుగు ఇంగా లావు కుట్టండి," అంది. "చేతికి గ్లౌజు ఏసి చేయమనండి. అరగంటకు ఒకసారి ఆపి వేళ్లు చాపించండి."

దసరాకు వారం ముందు మహబూబ్ బాషా టేపు పట్టుకుని అంగడిలోకి వచ్చాడు. అద్దాల బీరువా ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ గోడ కొలిచాడు. కమాల్ తల ఎత్తలేదు. అప్పటికి నలభై ఒకటో తీగ దగ్గర ఉన్నాడు.

"ఈ బల్ల ఎప్పుడు తీస్తావు మామా?"

"పక్కకు జరుగప్పా. వెలుగుకు అడ్డమొస్తాండావు."

మహబూబ్ జరిగాడు. "బల్ల సంగతి?"

"బల్ల యాడికీ పోదు."

"మరి నేనేమో పెయింటోనికి చెప్పినా..."

"నీకేం తక్కువప్పా, ముందు వీధిలో ఎవరైనా అంగడి ఇస్తారు. నేనే అడిగిస్తా," అన్నాడు కమాల్, తీగ మీద నుంచి చూపు తీయకుండా. మహబూబ్ షాహీదాబీ వైపు చూశాడు. ఆమె దారం కొరుకుతూ నవ్వు ఆపుకుంటోంది. అతను టేపు చుట్టుకున్నాడు. మొహం మాడ్చుకున్నా, పోయేముందు బల్ల మీదికి వంగి, "ఇదేంది మామా, జడ అల్లినట్టుండాది" అని అడిగి ఐదు నిమిషాలు నిలబడి చూసి మరీ వెళ్లాడు.

అరవయ్యో తీగ ఒక బుధవారం మధ్యాహ్నం అతికింది. రంగురంగుల తీగలతో ఆ క్యాసెట్ చెదిరిన పిచ్చుకగూడులా ఉంది. పాత టీవీకి గేమ్ పెట్టె కలిపి, మచ్చల పెట్టె నెత్తిన కాళ్లు గుచ్చారు. షాహీదాబీ మనసులో దువా చదువుకుంది. కమాల్ కుడి బొటనవేలితోనే మీట నొక్కాడు. రెండుసార్లు జారింది, మూడోసారి పడింది.

తెర నల్లగా ఉంది. తర్వాత బూడిదరంగు. తర్వాత ఒక్కసారిగా రంగులు వచ్చి పడ్డాయి, గానీ అన్నీ అడ్డదిడ్డంగా. అక్షరాలు చీమల బారుల్లాగా విడిపోయాయి. ఆకాశం ఉండాల్సిన చోట ఇటుకలు. ఒక బొమ్మ తల ఒకచోట, కాళ్లు ఒకచోట పరుగెత్తుతున్నాయి.

షాహీదాబీ కూలబడింది. "నెల కష్టం. అంతా పాయ."

కమాల్ తెరకు ముఖం ఆనించేంత దగ్గరగా వంగాడు. ఒక ఇటుక మీద వేలు పెట్టాడు, ఇంకోదాని మీద పెట్టాడు. ఆమె ఎన్నాళ్లుగానో చూడని నవ్వు అతని ముఖంలోకి, సరిగ్గా కదలని కుడిపక్క పెదవి దాకా వచ్చింది.

"ఎవరన్నారే పాయ అని? చిప్పు బతికుండాది! రెండు తీగలు తారుమారైనాయి, అంతే. చూడు, ఈ బొమ్మ అక్కడికి పోయింది, అక్కడిది ఇక్కడికి వచ్చింది. పైవరసలో యాడో ఉంటాది. ఐరన్ పెట్టు."

"రేపు చూస్తాంలే. అలిసిపోయినావు."

"పెట్టమంటాంటే!"

ఐరన్ వేడెక్కుతుండగా వాకిట్లో ఒక మనిషి నీడ పడింది. కూరగాయల సంచిలో ఇస్త్రీపెట్టె పెట్టుకుని ఒక ఆవిడ లోపలికి చూస్తోంది.

"అంగడి తెరిచినారా? ఎన్ని దినాలుగా చూస్తాండానో. ఇది వేడెక్కల్యా."

షాహీదాబీ మొగుడి వైపు చూసింది. అతను ఏ తీగ విప్పాలా అని లెక్కపెట్టుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

"పెట్టి పోమ్మా," అంది ఆమె. "కొంచెం ఆలస్యమైతాది. చెయ్యి ఇంగా మెల్లిగానే ఆడతాంది. పదైదు దినాలు పట్టొచ్చు."

"వారం," అన్నాడు కమాల్ బల్ల దగ్గర నుంచి. "వారం సాలు."